నలభై పాయింట్లు

ఎందుకు రాయాల్సి వచ్చింది

పోయిన ఏడాది చిత్తూరులో ఒక లేత్ షాపు బయట బల్ల మీద కూర్చుని ఉన్నాను. లోపల ఇద్దరు కుర్రాళ్లు ఒక బైకు సిలిండర్ హెడ్డును చేతిలో పట్టుకుని, దాని అడుగు ఎంత గీకించాలో వాదించుకుంటున్నారు.

"ఎక్కువొద్దురా. అప్పుడెప్పుడో కన్నయ్యాచారి అని ఒకాయన రేసుకారు హెడ్డు అట్లనే గీకి గీకి ఇంజనే పగలగొట్టేసినాడంట."

"తాగి చేసింటాడు లే."

ఇద్దరూ నవ్వుకున్నారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు. వాళ్లు పుట్టేనాటికే ఆ మాట బజారులో తిరుగుతూ ఉండాలి. కానీ కన్నయ్య ఆచారికి తాగే అలవాటు లేదు. హెడ్డును ఎక్కువ గీకనూ లేదు. చెప్పినంతే గీకాడు. ఆ చెప్పిన మాటకే రెండు అర్థాలున్నాయి. ఆ రెండు అర్థాల మధ్య ఒక మంచి ఇంజను, ఒక డ్రైవరుకు దొరికిన ఒకే ఒక్క అవకాశం, ఒక పనివాడి పేరు పోయాయి.

జరిగినదాంట్లో ఉన్నవాళ్లం నలుగురం. అందులో ఇద్దరు ఇప్పుడు లేరు. మిగిలిన ఇద్దరిలో కలం పట్టే అలవాటు ఉన్నవాణ్ని నేనే. నేను కూడా పోతే ఆ కుర్రాళ్ల మాటే మిగిలిపోతుంది. అందుకని రాస్తున్నాను. ఇంజన్ల బలం పెంచే పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు కూడా ఇందులో కొంత పనికొస్తుందని నా ఆశ. ఏ ఏడు ఏ షెడ్డులో ఉన్నాను, ఎన్ని బళ్లు బాగు చేశాను అన్నవి రాయను. వాటితో ఎవరికీ పని లేదు.

గాలి చదువు

నేను పదో తరగతి తప్పాను. లారీల షెడ్డులో స్పానర్లు అందించడంతో పని మొదలుపెట్టాను. ఇంజను గురించి నాకు తెలిసినదాంట్లో సగం చేతితో నేర్చుకున్నది, సగం చిత్తూరు గ్రంథాలయంలో చదువుకున్నది. రెండో సగం గురించి చెప్పుకోవడం నాకు ఇష్టం. అక్కడ మూల బీరువాలో ఇంజన్ల మీద ఇంగ్లీషు పుస్తకాలు కొన్ని ఉండేవి. ఎవరో ఎప్పుడో తెప్పించినవి, ఎవరూ ముట్టనివి. పక్కన నిఘంటువు పెట్టుకుని, రోజుకు ఒక పేజీ చొప్పున చదివేవాణ్ని. లైబ్రేరియన్ రాజేశ్వరి మేడం మొదటి వారమే నా చేతులు చూసి పాత న్యూస్‌పేపరు ఒకటి నా ముందు పరిచారు.

"చదువు, వద్దనను. నా పుస్తకానికి గ్రీజు అంటిందంటే మాత్రం లోపలికి రానివ్వను సుబ్రమణ్యం" అన్నారు.

ఆ పుస్తకాల్లో నేను మొదట నేర్చుకున్నది, ఇంజనంటే గాలి పీల్చి వదిలే యంత్రమని. పెట్రోలు తర్వాతి సంగతి. కొన్ని కార్లలో గాలిని బలవంతంగా లోపలికి తోసే టర్బో ఉంటుంది. నేను పని చేసిన రేసు కార్లకు అది లేదు. ఇంజను తనంతట తాను ఎంత గాలి పీల్చుకుంటే అంతే. అలాంటి ఇంజను బలం పెంచడానికి దారులు కొన్నే ఉన్నాయి. గాలి వచ్చే దారిని, పొగ పోయే దారిని సాఫీ చేయవచ్చు. వాల్వులు మరికొంచెం సేపు తెరిచి ఉండేలా కామ్ షాఫ్ట్ మార్చవచ్చు. పీల్చిన గాలిని పిస్టన్ ఇంకాస్త గట్టిగా నొక్కేలా, సిలిండర్ హెడ్డు అడుగు భాగాన్ని కొద్దిగా గీకి పైనున్న చోటును తగ్గించవచ్చు. ఏ దారిలో పోయినా ఒకటి వస్తే ఇంకొకటి పోతుంది. ఏది పోతుందో ముందుగా తెలిసినవాడే ఈ పనికి తగినవాడు.

ఈ మాట ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పట్లో నాకు వచ్చేది మాత్రమే కనిపించేది, పోయేది కాదు.

నాయుడు గారు

నన్ను లారీల నుంచి కార్లకు మార్చింది రంగస్వామి నాయుడు గారు. తిరుపతిలో రేణిగుంట రోడ్డులో ఆయనకు గ్యారేజీ ఉండేది. పాకాల దగ్గర మామిడి తోటలు, కావలసినంత భూమి ఉన్న మనిషి. ఇంట్లో కూర్చోలేక గ్యారేజీ పెట్టుకున్నాడు. కుర్రతనంలో మద్రాసు వైపు విమానాలు దిగని పాత రన్‌వే మీద జరిగే కారు పందేలు చూసి వచ్చాడట. అప్పటి నుంచి తన గ్యారేజీ పేరున్న కారు ఒకటి పందెంలో తిరగాలని కోరిక.

తొంభైలలో ఒక పదమూడు వందల సీసీ కారు కొని నా ముందు నిలబెట్టాడు. "నువ్వు సదివిన సదువంతా దీంట్లో పెట్టు" అన్నాడు.

యజమానిగా ఆయన గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, పనివాడి అన్నం సంగతి ముందు చూసేవాడు, పరాయివాళ్ల ముందు మమ్మల్ని ఏనాడూ తిట్టలేదు. ఆయనకు రాని మాట ఒక్కటే, చాలు అనడం. ఏ పని పూర్తి చేసి చూపించినా "గుర్రాలు ఎన్ని పెరిగినాయి రా?" అనే అడిగేవాడు. హార్స్ పవర్‌ను గుర్రాలనేవాడు. ఆ రోజుల్లో మా దగ్గర గుర్రాలు లెక్కపెట్టే యంత్రం లేదు. ఆయన సంతోషం కోసం నేను కళ్లు మూసుకుని ఒక అంకె చెప్పేవాణ్ని. ఆ సాయంత్రానికే అది తిరుపతి అంతా తెలిసిపోయేది. మరుసటి వారం అంతకంటే పెద్ద అంకె చెప్పాలి. యజమాని ముచ్చట కోసం చెప్పిన అంకెను మనం కూడా నమ్మడం మొదలుపెడతాం. కొత్తగా వచ్చేవాళ్లు ఈ జబ్బు నుంచి తప్పించుకోవాలి.

ఊపిరి

కారు నడపడానికి నాయుడు గారు వెతికి పట్టుకొచ్చిన మనిషి భాస్కర్. చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారం చేసే జయరామ శెట్టి గారి చిన్నబ్బాయి. అప్పటికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మండీ వ్యాను నడుపుతూ కాణిపాకం మలుపులో నాయుడు గారి కారును దాటిపోయాడట. నాయుడు గారు వెంటపడి, ఆపి, తిట్టడానికి దిగి, పనిలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

భాస్కర్ తక్కువ మాట్లాడేవాడు, నన్ను పిలిచే 'అన్నా'ను కూడా కుదించి 'నా' అనేవాడు. ఇంజను సంగతి కూర్చున్న సీటు నుంచే తెలుసుకునేవాడు. నేను మొదటి ఏడు పుస్తకం చూసి, గాలి దారులను వీలైనంత వెడల్పు చేసి, లోపల అద్దంలా మెరిసేలా రుద్దాను. ఆ పని నాకు అంత అందంగా ఎప్పుడూ కుదరలేదు. నాయుడు గారు తన స్నేహితులను పిలిచి టార్చి వేసి చూపించారు. భాస్కర్ కారు తీసుకుని పూతలపట్టు దాకా పోయి వచ్చాడు. మామూలు రోడ్డు మీద అలా పరీక్షించడం తప్పు. అప్పుడు అందరం చేశాం, ఇప్పుడు ఎవరూ చేయకూడదు.

దిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు.

"పైన బాగుండాది నా. కిందే ఊపిరి ల్యా."

"ఊపిరి లేకపోవడమేంది? ముందుకంటే రెండింతలు గాలి పోతాండాది లోపలికి."

"నాకేం తెల్సు నా. మలుపులో నుంచి బయటికొచ్చి తొక్కితే, లేసి మొగం కడుక్కొని వస్తా ఉండు అంటాండాది."

నాయుడు గారు పెద్దగా నవ్వారు. నాకు మాత్రం రోషం వచ్చింది. అద్దంలాంటి నా పనిని బెల్లం వ్యాను తోలేవాడు తప్పు పట్టడమేమిటనుకున్నాను. అదే కోపంలో చిత్తూరు బస్సెక్కి గ్రంథాలయానికి పోయి, చదివిన పుస్తకమే మళ్లీ తిరగేశాను. నేను దాటేసిన పేజీలోనే ఉంది. దారి మరీ వెడల్పైతే తక్కువ వేగంలో గాలి నెమ్మదిస్తుంది, సిలిండరు సరిగా నిండదు. దారి ఎంత పెద్దదన్నది కాదు, దాంట్లో గాలి ఎంత వేగంగా పోతుందన్నది ముఖ్యం. భాస్కర్ ఏ పుస్తకమూ చూడకుండా చెప్పింది అదే. అలాగని ఆ కుర్రాడు చెప్పిందల్లా నిజం కాదు. టైరులో గాలి తగ్గినా కార్బ్యురేటరు మీదే అనుమానపడేవాడు. కానీ ఊపిరి విషయంలో ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

ఆ హెడ్డు పక్కన పడేసి ఇంకొకటి తెచ్చి, ఈసారి చేయి అదుపులో పెట్టుకుని పని చేశాను. కారు బాగా పరిగెత్తింది. రెండేళ్లపాటు మద్రాసు దగ్గరి ట్రాకులో మా కారు మధ్యలో ఎక్కడో ఉండేది, తర్వాత ముందువరసకు దగ్గరగా వచ్చింది.

బెల్లం కాలం లోపల

మూడో ఏడు ఒక పోటీ అయ్యాక కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక టీము మేనేజరు మా షెడ్డు దగ్గరికి వచ్చాడు. భాస్కర్‌ను పైనుంచి కిందికి చూసి, తమిళంలో నాయుడు గారితో మాట్లాడి వెళ్లిపోయాడు. ఆయన చెప్పింది ఇంతే. సీజను చివరి పోటీలో మొదటి ముగ్గురిలో వస్తే, వచ్చే ఏటికి భాస్కర్‌ను తమ టీములో జీతం ఇచ్చి పెట్టుకుంటారు.

భాస్కర్‌కు అది జీవితం. ఎందుకంటే ఇంట్లో అప్పటికే గడువు పెట్టారు. శెట్టి గారు ఒక ఆదివారం గ్యారేజీకి వచ్చి, ఇచ్చిన కుర్చీలో కూర్చోకుండానే మాట్లాడారు.

"మావాణ్ని ఇంకా ఎన్నాళ్లు తిప్పుతావప్పా నాయుడూ? చెరుకు గానుగలు మొదలయ్యేలోపల మండీకి పంపించేయి. ఆడ వాడి అన్న ఒక్కడే సస్తాండాడు."

"చివరి పోటీ ఒకటుండాది శెట్టీ. అది కానీ."

"కానీ. ఆ తర్వాత నేనడిగేది లేదు, వాడు ఈడికి రాడు."

భాస్కర్ కారు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాలేదు. తండ్రి వెళ్లాక కూడా చాలాసేపు అక్కడే ఉన్నాడు.

పాయింటు అనే మాట

చివరి పోటీకి కొంచెం ఎక్కువ బలం కావాలి. మిగిలిన దారులన్నీ చేసేశాం. కామ్ మార్చాం, పొగ గొట్టాలు నాలుగూ ఒకే పొడవున చేయించాం. మిగిలింది హెడ్డును మరికాస్త గీకించడం. మా రాయలసీమ ఎండలో, పంపులో దొరికే పెట్రోలుతో ఎంత దాకా పోవచ్చో లెక్క వేశాను. హెడ్డులో పెట్రోలు మండే నాలుగు గదుల్లో ఎంత చోటు ఉందో గాజు గొట్టంతో నూనె పోసి కొలిచాను. మిల్లీమీటరులో పదింట నాలుగు వంతులు తీస్తే చాలు, అంతకు మించితే ప్రమాదమని తేలింది.

ఇక్కడ పాయింటు అనే మాట చెప్పాలి. చిత్తూరులో కన్నయ్య ఆచారి లేత్ షాపులో పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు. పుస్తకాల్లో దాన్నే థౌ అంటారు. ఆయన గురువు అరక్కోణం రైల్వే షెడ్డులో పని నేర్చినవాడు. అక్కడ అంతా అంగుళాలే. నేను మొదట చదివిన పుస్తకాలూ పాతవి, వాటిలోనూ అంగుళాలే. ఏళ్ల తరబడి నేనూ ఆచారీ ఆ పాయింట్లలోనే మాట్లాడుకున్నాం. అయితే ఆ ఏడు క్రాంక్ షాఫ్టు బ్యాలెన్సు చేయించడానికి నేను కాట్పాడిలో కొత్తగా పెట్టిన ఒక షాపుకు తిరుగుతున్నాను. వాళ్ల యంత్రాలు మిల్లీమీటర్లవి. వాళ్ల నోట పాయింటు అంటే మిల్లీమీటరులో నూరో వంతు. రాజేశ్వరి మేడం ఆ ఏడే తెప్పించిన కొత్త పుస్తకంలో కూడా అంతా మిల్లీమీటర్లే. నా తలలో పాయింటు ఎప్పుడు మారిపోయిందో నాకే తెలియదు. ఆచారి పాయింటు కాట్పాడి పాయింటుకు రెండున్నర రెట్లు.

నేను హెడ్డు తీసుకుని షాపుకు పోయేసరికి ఆచారి టీ తాగుతూ, ఎదురు షాపువాడికి తను ఒకప్పుడు కలెక్టరు జీపు ఎలా బాగు చేశాడో చెబుతున్నాడు. ఆ కథ చెప్పిన ప్రతిసారీ ఒక కొత్త పార్టు చేరేది. నన్ను చూసి గ్లాసు కింద పెట్టాడు.

"వచ్చినాడు సూడు, పుస్తకాలాయన. ఈసారి ఎంత తీసేది అబ్బా?"

"నలభై పాయింట్లు ఆచారీ."

"నలభైయా?" కళ్లద్దాల మీదుగా చూశాడు. "ధైర్యమొచ్చిందే నీకు. పెండ్లాం తిట్టిందా ఏంది పొద్దున్నే?"

"లెక్క చూసుకునే వచ్చినా."

"సూసుకోనుంటావులే. నువ్వు లెక్కలోడివి, నేను గీకుడోణ్ణి. ఆడ పెట్టిపో."

నలభైయా అన్న ఆ ప్రశ్నను నేను వెక్కిరింత అనుకున్నాను. నా మాటను ఆయన తెగింపు అనుకున్నాడు. ఎప్పుడూ అలాగే మాట్లాడుకునేవాళ్లం కాబట్టి ఆ రోజు తేడా ఎవరికీ తెలియలేదు.

మా వైపు ఇంకొక పద్ధతి ఉండేది. ఆచారి చెయ్యి పడి వచ్చిన వస్తువును మళ్లీ కొలవరు. కొలిస్తే ఆయన్ని నమ్మనట్టు. ఆయన ముందే కాదు, ఆయన లేనప్పుడు కూడా కొలిచేవాళ్లం కాదు. నాకు పని నేర్పినవాళ్లు కూడా అంతే. హెడ్డు తెచ్చి బిగించేశాను. వాల్వులు పిస్టన్‌కు తగులుతాయేమోనని పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్ద పెట్టి తిప్పి చూశాను. అనుకున్నదానికంటే ముద్ద పలచగా నలిగింది. కొత్త కామ్ వల్ల అనుకున్నాను. సిలిండరులో గాలి ఎంత గట్టిగా నలుగుతోందో చూపే కంప్రెషన్ గేజీ పెడితే ముల్లు అనుకున్నదానికంటే పైకి పోయింది. నాయుడు గారు నా వీపు తట్టారు. తెల్లవారుజామున చలిగాలిలో భాస్కర్ చంద్రగిరి దాకా పోయి వచ్చి, మొదటిసారి నవ్వుతూ దిగాడు.

"ఈసారి కిందా ఊపిరుండాది, పైనా ఉండాది నా."

నేను లెక్కను నమ్మాను, గేజీని మెచ్చుకున్నాను. రెండూ ఒకదానికొకటి సరిపోవడం లేదని మాత్రం చూడలేదు.

శెనక్కాయలు

పోటీకి ముందురోజు మద్రాసు దగ్గరి ట్రాకులో మధ్యాహ్నం ప్రాక్టీసు జరిగింది. ఎండ మండిపోతోంది. భాస్కర్ కొన్ని చుట్లు తిరిగి లోపలికి వచ్చి, ఇంజను ఆపకుండానే నన్ను దగ్గరికి పిలిచాడు.

"మూడో గేరులో తొక్కితే లోపల శెనక్కాయలు వేయించినట్టు సద్దు వస్తాండాది నా."

ఆ శబ్దం ఏమిటో కొత్తవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి. సిలిండరులో పెట్రోలు, గాలి కలిసినది స్పార్కు దగ్గర మొదలై వరసగా మండుతూ పోవాలి. మరీ గట్టిగా నొక్కినా, దానికి వేడి తోడైనా, ఆ మంట చేరేలోపలే దూరపు మూలలో ఉన్నది తనంతట తానే పేలుతుంది. పిస్టన్ నెత్తిన సుత్తితో కొట్టినట్టు ఉంటుంది. చలిగాలిలో మాకు వినిపించనిది ఎండలో వినిపించింది.

డిస్ట్రిబ్యూటరును తిప్పి స్పార్కు కాస్త ఆలస్యంగా పడేట్టు చేశాను. శబ్దం తగ్గింది, పోలేదు. నా లెక్క ప్రకారం అసలు రాకూడదు. సాయంత్రం గేటు దగ్గరున్న టెలిఫోన్ బూత్ నుంచి, ఆచారి షాపు పక్కనున్న సోడా కొట్టుకు ఫోన్ చేసి ఆయన్ని పిలిపించాను.

"ఆచారీ, హెడ్డు ఎంత తీసినావు?"

"నువ్వు చెప్పిందే అబ్బా. నలభై."

"ఏ నలభై?"

"ఏ నలభై ఏంది, మామిడిపండ్లా ఏ రకమని అడిగేదానికి? నలభై పాయింట్లు. థౌ."

ఆయన రెండుసార్లు హలో అన్నాడు. తర్వాత ఆయన గొంతు మారింది.

"నువ్వు ఏ లెక్కలో చెప్పినావు సుబ్రమణ్యం?"

చెప్పాను. నావి మిల్లీమీటరు పాయింట్లు, ఆయన తీసింది దానికి రెండున్నర రెట్లు.

తిరిగి వచ్చి నాయుడు గారికీ భాస్కర్‌కూ ఉన్న విషయం చెప్పాను. హెడ్డు కింద రెండు గ్యాస్కెట్లు ఒకదాని మీద ఒకటి వేసి ఎత్తు పెంచితే ఇంజను బతికేది. కానీ ఆ పోటీ నియమం ప్రకారం ప్రాక్టీసు కాగానే ఇంజనుకు తీగ చుట్టి సీలు వేసేశారు. తెంపితే పోటీ లేదు.

"ఆచారి అడగల్ల గదా" అన్నారు నాయుడు గారు.

"అడిగినాడు. నేనే అది అడగడం అనుకోలేదు. ఈ బండి రేపు తిరిగితే మిగలదు నాయుడుగారూ. వాపసు తీసుకుందాం."

"ఇంత దూరం వచ్చి వాపసా? టైమింగు ఇంకొంచెం వెనక్కి తిప్పు. చల్లగా పోనీ."

"ఆ మేనేజరు సూసేది చల్లగా పోయేదాన్నా?"

ఇద్దరం భాస్కర్ వైపు చూశాం. అతను టైరు మీద కూర్చుని షూ తాడు ముడి విప్పుతున్నాడు.

"రేపు తోలకపోతే ఎల్లుండి మండీలో ఉంటా నా. తోలి పగిలినా ఎల్లుండి మండీలోనే. తోల్తా."

ఆ మాటకు నేను తలూపాను. అయినా నేను ఒప్పుకోకుండా ఉండాల్సిందని ఇన్నేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. లోపల పిస్టన్ పగిలితే కారు ఎటు తిరుగుతుందో ఎవరికీ తెలియదు. ఆ రోజు మా అందరి కళ్లలోనూ ఆ టీము ఉంది. డ్రైవరు ఒళ్లు ఎవరికీ కనిపించలేదు.

పోటీలో ఆరో ల్యాపులో మూడో సిలిండరు పిస్టన్ రింగుల దగ్గర పగిలింది. నేను పొగ చూడకముందే శబ్దం తెగడం విన్నాను. కారు అదుపు తప్పలేదు. భాస్కర్ గడ్డి మీదికి తీసుకుపోయి నిలబెట్టి, హెల్మెట్ తీసి కారు మీద పెట్టి నిలబడ్డాడు. కోయంబత్తూరు మేనేజరు వచ్చి చెయ్యి కలిపి, తమిళంలో రెండు మాటలు చెప్పి వెళ్లిపోయాడు. ఆ వారమే గానుగలు మొదలయ్యాయి. భాస్కర్ మండీకి పోయాడు. మళ్లీ ట్రాకు మీదికి రాలేదు.

ఆచారి

మర్నాడే నేను చిత్తూరు పోయాను. ఆచారి లేత్ ఆపి బయటికి వచ్చాడు. పగిలిన పిస్టన్ చేతిలో తిప్పి చూసి నాకు ఇచ్చేశాడు.

"తప్పు మాటలో ఉండాది ఆచారీ, నీ చేతిలో కాదు" అన్నాను.

"మాట నీదే. చెయ్యి నాదే గదా. నలభై అంటే నాకు ఒళ్లు జల్లుమనింది. అయినా నవ్వుతాలు ఆడినా."

"నవ్వుతాలు గాదు, నువ్వు అడిగినావు."

"అడిగినోడు జవాబు వచ్చేదాకా నిలబడల్ల అబ్బా."

ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. నేను ఆ సంగతి దాచలేదు. నాయుడు గారికి, శెట్టి గారికి, షాపుకు వచ్చినవాళ్లందరికీ పాయింటు కథ విడమరిచి చెప్పాను. రెండు కొలతల కథ ఎవరికీ గుర్తుండలేదు. ఆచారి ఎక్కువ గీకాడన్న ముక్క మాత్రం గుర్తుండిపోయింది. చెప్పుకోవడానికి అదే తేలిక.

ఆ తర్వాత ఆయన హెడ్డు పని ముట్టలేదు. షాఫ్టులు, బుష్‌లు చేసేవాడు. నేను ఒకసారి ఒక మామూలు కారు హెడ్డు తీసుకుపోతే, "అది కాట్పాడికి తీసకపో. వాళ్లది మంచి యంత్రం" అన్నాడు. అంతకు ముందు కాట్పాడి పేరెత్తితే పది నిమిషాలు తిట్టేవాడు. కలెక్టరు జీపు కథ కూడా మళ్లీ ఆయన నోట నేను వినలేదు. కొన్నేళ్లకు పోయాడు. నా వృత్తిలో పగిలిన ఇంజన్లు చాలా ఉన్నాయి. వాటిలో దేని గురించీ నాకు ఇంత బాధ లేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు

ఇప్పుడు మీరు కంప్యూటరు తగిలించి ఇంజను సంగతి తెరమీద చూస్తారు. గుర్రాలు లెక్కపెట్టే యంత్రాలు ఉన్నాయి. అయినా మీకు అంకె చెప్పేవాడు ఒక మనిషే, వినేవాడు ఇంకొక మనిషే. అంకె చెప్పినప్పుడు అది ఏ కొలతదో కూడా చెప్పండి. ఎదుటివాడి చేత తిరిగి చెప్పించుకోండి. ఎంత గొప్ప పనివాడి దగ్గర నుంచి వచ్చినా వస్తువును కొలవండి. కొలవడం అనుమానపడటం కాదు. ఆ రోజు నేను కొలిచి ఉంటే ఆచారి పేరు నిలబడేది. ఆయనకు నేను చేయగలిగిన మర్యాద అదే, దాన్ని అవమానం అనుకుని మానేశాను.

లెక్క ఒక మాట చెప్పి గేజీ ఇంకొక మాట చెబితే, సంతోషపడే ముందు కూర్చుని ఆలోచించండి. డ్రైవరు ఊపిరి లేదంటే మీ పుస్తకం మళ్లీ తెరవండి. యజమాని ఇంకా కావాలంటే, ఏది పోతుందో ఆయనకు ముందే చెప్పండి. నేను చదువుకున్నవాణ్నని గర్వపడ్డాను. ఆ చదువు వల్లనే నా నోటి మాట మారింది. ఎదుటి మనిషి నోట పాత మాటే ఉందని తెలుసుకోవడానికి ఏ పుస్తకమూ అక్కర్లేదు, ఒక ప్రశ్న చాలు. చదవడం మానమని అనను. చదివింది చదవని మనిషితో మాట్లాడేటప్పుడు కొంచెం ఆగండి.

కృతజ్ఞతలు

గ్రీజు చేతులను గ్రంథాలయంలోకి రానిచ్చిన రాజేశ్వరి మేడంకు నమస్కారాలు. నన్ను నమ్మి ఒక కారును నా చేతిలో పెట్టిన రంగస్వామి నాయుడు గారికి, ఆయన లేకపోయినా, నా కృతజ్ఞతలు. కొడుకును ఒక సీజను చివరి దాకా వదిలిన జయరామ శెట్టి గారికి. కాట్పాడిలో క్రాంకు బ్యాలెన్సు చేసి, తర్వాత రెండు రకాల పాయింట్ల సంగతి విని తన షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో "మిల్లీ" అని రాయించిన దేవరాజ్‌కు. ఈ రాతలో అక్షర దోషాలు దిద్దిన నా భార్య విజయమ్మకు. తండ్రి పేరు మార్చకుండా ఉన్నదున్నట్టు రాయమన్న ఆచారి కొడుకు లోకనాథానికి. అందరికంటే ఎక్కువగా కన్నయ్య ఆచారికి.

ఇదంతా రాశాక భాస్కర్‌ను ఇంటికి పిలిచి చదివి వినిపించాను. ఇప్పుడతను మండీలో పెద్ద వ్యాపారి, తల సగం నెరిసింది. చివరి దాకా విన్నాడు.

"అంతా సరే నా. ముందర ఐదు ల్యాపులు ఏమైనాయి? అవి రాయనే లేదే."

నేను ఆ ఐదు ల్యాపులూ చూడలేదని చెప్పాను. గోడ వైపు తిరిగి నిలబడి, ఆ శెనక్కాయల శబ్దం కోసం చెవులు రిక్కించి ఉన్నాను.

"అయితే నేను చెప్తా, రాసుకో" అన్నాడు.

అతను చెప్పింది రాస్తున్నాను. మొదటి మలుపు తిరిగేసరికే ఇద్దరిని దాటాడు. రెండో ల్యాపులో నేరుగా పోయే రోడ్డు మీద ఇంకొకణ్ని. ఇరుకు మలుపు నుంచి బయటికి వస్తూ తొక్కితే, కారు అడగకముందే లాగింది. నాలుగో ల్యాపులో కోయంబత్తూరు టీము కారే ముందుంది. దాని పక్కకు పోయి, అవతలి డ్రైవరు ముఖం చూసి, దాటాడు. ఐదో ల్యాపు మొత్తం అతని ముందు ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు, మధ్యాహ్నపు ఎండ.

"అట్లాంటి బండి మళ్లా నా చేతికి రాలేదు నా. అది కూడా రాయి" అన్నాడు.

రాశాను. భాస్కర్‌కు నా కృతజ్ఞతలు.